కావలి అంకె తొమ్మిది

సోమవారం పొద్దున ప్రార్థన గంట కొట్టకుండా అటెండరు నా దగ్గరికి వచ్చాడు.

"డ్రిల్లు మాస్టారు పోయారండీ."

"ఏ డ్రిల్లు మాస్టారు?" అన్నాను.

"మనకు ఎంతమంది ఉన్నారండీ?"

ఒక్కరే. ఆదివారం మధ్యాహ్నం పెరట్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. శనివారం సాయంత్రం దాకా నా ఎదురుగా కూర్చుని చింతపిక్కలు వేసిన మనిషి. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

చింతపిక్కల సంగతి తెలియనివారికి చెప్పాలి. ఆయన ట్రైనింగులో బేస్‌బాల్ నేర్చుకున్నారు. మా పల్నాడులో దానికి బ్యాటూ లేదు, ఆడేవాళ్లూ లేరు. అందుకని స్టాఫ్‌రూములో కాగితాల మీద ఆడేవారు. ఊళ్లోవాళ్ల పేర్లతో చీటీలు, ఒక్కో చీటీ మీద రెండు అంకెలు: కొట్టుడు, కావలి. ఫీల్డు అంటే చేను కాబట్టి ఫీల్డరంటే కావలివాడేనని ఆయనే తేల్చారు. ఎవరినైనా వారం రోజులు గమనించకుండా అంకె వేసేవారు కాదు. కొట్టేవాడి అంకెకు, ఆరు అరగదీసిన పిక్కల్లో తెల్లగా పడ్డవి కలపాలి. బంతి ఎవరి వైపు పోయిందో కళ్లు మూసుకుని అవతలి జట్టు చీటీ ఒకటి తీయాలి. అతని కావలి అంకెకూ అలాగే కలపాలి. ఎక్కువ వచ్చినవాడిది నెగ్గు; కొట్టేవాడు నెగ్గితే పరుగు, కావలివాడు నెగ్గితే ఔటు.

నేను లెక్కల మాస్టారిని. కొట్టుడు అంకె చూసే మనుషుల్ని ఏరుకునేవాణ్ణి. ఎనిమిదున్న బస్సు కండక్టరు ఎప్పుడూ నావాడే. ఆయన మాత్రం మొదట నా చీటీ తీసుకునేవారు. కొట్టుడు రెండు, కావలి తొమ్మిది.

"ఏంది మాస్టారూ, నాకు రెండేనా?"

"అదే చానా ఎక్కువ. మీరు సుద్దముక్క విసిరితే ఎదురుగోడకు తగలదు."

"మరి తొమ్మిదెందుకు?"

"ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసులో ఉండేది మీరేగా. కొట్టేవాడికి తన వంతొచ్చినప్పుడే పని. కావలివాడికి అవతలివాళ్లు ఆడినంతసేపూ పనే."

అది పొగడ్తని నాకు అప్పుడు తోచలేదు.

శనివారం చివరి వంతులో నాకు ఒక్క పరుగు చాలు. కండక్టరుకు నాలుగు తెల్లలు పడి పన్నెండయ్యాయి. కళ్లు మూసుకుని చీటీ తీశాను. ఆయన జట్టులో ఉన్న నా పేరు చీటీయే వచ్చింది. ఆయన పిక్కలు వేశారు. ఐదు తెల్లలు, పద్నాలుగు. స్టాఫ్‌రూమంతా నవ్వింది.

"కావలే గొప్పని ఇప్పటికైనా ఒప్పుకుంటారా?" అన్నారాయన.

"కావలి కుక్క కూడా కాస్తుందిలెండి" అని పిక్కలన్నీ కిందికి తోసేసి బయటికి నడిచాను. వెనక నుంచి "మాస్టారూ" అని పిలిచారు. నేను తిరగలేదు.

సోమవారం ఆయన ఇంటి వాకిట్లో నిలబడ్డప్పుడు నా భయమంతా ఒకటే. ఆ మాట పట్టుకుని ఆయన బాధపడ్డారా? ఆయన భార్య నన్ను చూసి దగ్గరికి రమ్మంది. ఆవిడ ఏడవడం లేదు.

"శనివారం ఎవరు గెలిచారన్నయ్యా? అడిగితే చెప్పలేదు. సోమవారం లెక్కల మాస్టారు ఒప్పుకుంటేనే గెలిచినట్టు అని ఒకటే నవ్వు."

చుట్టూ జనమంతా వింటున్నారు.

"ఆయనేనమ్మా. కావలితోనే గెలిచారు."

ఆవిడ తల ఊపింది. పిట్టగోడ మీద ఆయన డ్రిల్లు బూట్లున్నాయి. ఆదివారం పొద్దున తెల్లరంగు పూసి ఆరబెట్టుకున్నారట. ఆవిడ లేచి వెళ్లి, వాటిని వేలితో తాకి చూసి, రెండోవైపు ఎండకు తిప్పి పెట్టింది.