బెంచీల వాళ్లకూ వాడకూ ఒక్కటే చీటీ

సాయుధ పోరాటం రోజుల్లో నెల్లికుదురు దగ్గరి మా ఊరి చర్చిలో నేను ఉపదేశిని. పాస్టరుగారు పంపే చీటీని ఆదివారం పొద్దున బెంచీల మీద కూర్చునే ఉద్యోగస్తులకు చదివేవాణ్ని. ఆదివారం కూడా దొర పొలానికి పోయే కూలీలకు సాయంత్రం వాడలో వాళ్ల మాటల్లో చెప్పేవాణ్ని.

ఒకసారి చీటీలో, మర్నాడు మిలిటరీ వస్తుందని, మగవాళ్లంతా జనగామలో తన దగ్గరికి వచ్చేయాలని ఉంది. పొద్దున ఉన్నదున్నట్టు చదివాను. వాడవాళ్లకు తెలిస్తే అడవిలో దళంలో కలుస్తారని, చర్చికి చెడ్డపేరొస్తుందని భయపడ్డాను. సాయంత్రం వాడలో మిలిటరీ మాట ఎత్తకుండా, ఇళ్లలోనే ఉండి ప్రార్థన చేసుకోమన్నాను.

ఒక అవ్వ అడిగింది. "గింతేనా నాయినా? పొద్దుగాల బెంచీలోళ్లకు మస్తు సేపు సదివినవంట!"

"మీకు సమజయ్యేటట్టు జర చిన్నగ చెప్పిన అవ్వా."

అందరూ నవ్వారు.

మర్నాడు వాడలో దొరికిన మగవాళ్లను లారీ ఎక్కించారు. అవ్వ కొడుకు తిరిగి రాలేదు.

పాస్టరు బెంచీల వాళ్లనే కాపాడుకున్నాడని వాడంతా ఆయన్ని తిట్టింది. నేను నోరు మెదపలేదు. ఆయన పోయిన ఏడు చనిపోయారు. ఆయన రాసింది అందరికీ. వాడకు దాన్ని కుదించింది నేను. ఇది రాసేముందు అవ్వ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె నన్ను కూర్చోమనలేదు.