వేలు ముంచని సోమవారం

ఏ రాజు ఏ దీపానికి ఎంత నెయ్యి ఇచ్చాడో తిరుమల గుడి గోడల మీద చెక్కి పెట్టారు. మునిరత్నం చూపుడువేలి గురించి మాత్రం ఎక్కడా ఒక్క అక్షరం లేదు. ఈ లోటు ఎవరో ఒకరు తీర్చక తప్పదు.

ఆ వేలు కనబడిన ప్రతి ద్రవంలోనూ మునిగేది, మునిగి నాలుక మీదికి చేరేది. హాస్టల్ చారు, బస్టాండు మజ్జిగ, పెళ్లివారి పానకం, దేనికీ మినహాయింపు లేదు. వంటమనిషి కుప్పయ్య ఓసారి విసుక్కున్నాడు కూడా.

"నా సాంబార్లో ఏం ఎతుకుతా ఉండావు సామీ, పీతలా?"

తప్పు కుప్పయ్యది కాదు. సముద్రమే లేని తిరుపతిలో, విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో, మునిరత్నం సముద్ర పరిశోధకుడు. పులికాట్ సరస్సులో పీతపిల్లలను గంపలకెత్తి అమ్మేసుకుంటున్నారు. ఎంత పెరిగాక పడితే జాతి మిగులుతుందో తేల్చాలని అతని పంతం. అందుకని గాజుతొట్టెలో గోరంత పిల్లలను పెంచుతూ, అవి పెంకు విడిచినప్పుడల్లా కొలుస్తూ ఏడాదికి పైగా గడిపాడు. ప్రతి శనివారం రైల్లో గూడూరు, అక్కడినుంచి బస్సులో సముద్రం. తిరుగు ప్రయాణంలో డబ్బాల నిండా నీళ్లు. మూత తీసి, వేలు ముంచి, చప్పరించి, "ఊఁ" అన్నాకే అవి తొట్టెలోకి వెళ్లేవి.

1981లో మద్రాసు సంస్థ ఒకటి సముద్రజీవుల సంరక్షణకు కుర్ర పరిశోధకుల కోసం ఫెలోషిప్పు ప్రకటించింది. ఉన్నది ఒక్కటే. కమిటీ వచ్చి, పని కళ్లారా చూసి ఎంచుతుంది. మునిరత్నంతో గది పంచుకునే దామోదరం చేపల మీద పరిశోధన చేసేవాడు, చేపల ముఖం పెద్దగా చూడకుండానే. మాట ముందు ఎత్తింది అతనే.

"మనిద్దరం ఒకదానికే ఎగబడితే ఏం బాగుంటాదబ్బా? నువ్వు పెట్టు. నేను పెట్టను."

ఆ త్యాగానికి మునిరత్నం కళ్లు చెమర్చి, మసాలా దోసె తినిపించాడు, మర్నాడే తన దరఖాస్తు పోస్టు చేశాడు.

అంతలో సొంతూరు బంగారుపాళ్యంలో నాయన మామిడిచెట్టు మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని కబురు. ఆ రోజు శుక్రవారం, తెల్లారితే నీళ్లకు పోవాలి.

"నువ్వు పోయి నాయన్ను సూసుకో," అన్నాడు దామోదరం. "నీళ్లు నేను తెస్తాలే. నీ పీతలు నాకు తమ్ముళ్లు గాదా?"

సోమవారం మునిరత్నం వచ్చేసరికి తొట్టె నిండుగా, తేటగా ఉంది. వేలు అలవాటుగా లేచింది. పక్కనే దామోదరం నిలబడి ఉన్నాడు. స్నేహితుడు మోసుకొచ్చిన నీళ్లను రుచి చూడటం, తల్లి వడ్డించిన అన్నాన్ని తూకం వేసినట్టుంటుందనిపించింది. వేలు వెనక్కి తగ్గింది. దాని చరిత్రలో అదొక్కటే సెలవు.

గురువారానికి పీతలన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. అప్పుడు ముంచాడు. ఉప్పగానే ఉంది. కానీ సముద్రపు నీళ్లలో ఉప్పు వెనకాల వచ్చే చేదు లేదు. భోజనాల దగ్గర కుప్పయ్య అడక్కుండానే చెప్పాడు.

"ఆదివారం సాయంత్రం దామోదరం సారు బకెట్టు నిండా కల్లుప్పు తీసకపోయినాడు. పీతలకు ఊరగాయ పెడతా ఉండారా సామీ?"

మునిరత్నం అన్నం వదిలేసి గదికి వెళ్లాడు. దామోదరం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"శనివారం యాడికి పోయినావురా?"

"మద్రాసుకు. దరఖాస్తుకు ఆఖరుదినం."

"పెట్టనంటివే!"

"అంటిని. నా మాటే గదా, నేను మార్చుకోకూడదా?"

"మరి నీళ్లు?"

"ఉప్పు ఉప్పే గదబ్బా! సచ్చిపోతాయని నాకేం తెలుసు?"

జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివిన నోటినుంచి వచ్చిన మాట ఇది. మునిరత్నం కొట్టలేదు, తిట్టలేదు. చాప చుట్టుకుని ప్రయోగశాలకు వెళ్లి, ఖాళీ తొట్టె పక్కన పరుచుకున్నాడు. కుప్పయ్య చారును అన్నేళ్లు అనుమానించిన మనిషి, అనుమానించాల్సిన చోట మర్యాద పాటించాడు.

నెలాఖరుకు కమిటీ వచ్చింది. మునిరత్నం కొలతలన్నీ చదివి వినిపించాడు. పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు.

"అంతా బాగుందయ్యా. పీతలేవీ?"

తన వంతు కోసం దామోదరం వెనక బెంచీ మీద, ఇస్త్రీ చొక్కాలో, కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. చాడీ చెప్పినట్టుంటుందని మునిరత్నం "సచ్చిపోయినాయి సార్" అని మాత్రం అన్నాడు.

ఫెలోషిప్పు దామోదరానికి వచ్చింది. హాస్టలంతా మిఠాయి పంచాడు. మునిరత్నం చిత్తూరులో ఒక జూనియర్ కాలేజీకి, కప్ప పాఠం చెప్పడానికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఎవరేమిచ్చినా వేలు ముంచి చూశాకే తాగుతాడు, స్నేహితులిస్తే రెండుసార్లు.

ఆ ఏడాది దీపావళికి ముందే దామోదరం బ్యాంకు పరీక్ష పాసై, ఫెలోషిప్పు వదిలేసి పూతలపట్టు శాఖలో చేరాడు. ఆ ఫెలోషిప్పులోకి మళ్లీ ఎవరినీ తీసుకోలేదు.