తలుపు కోసం వేసిన తేగల పాతర

చలికాలం మొదలైతే నందిగామ బస్టాండు బయట తేగల వాసన వస్తుంది. కుండలో కుక్కి, చుట్టూ మంట పెట్టి తంపటి వేసిన తేగలది ఒక తీరు వాసన, సగం కాలిన పీచు, సగం ఉడికిన పిండి, అడుగున ఎక్కడో తడి మన్ను. జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డ జనానికి ఆ వాసనకి ఆకలేస్తుంది. నాకు మాత్రం నోట్లో మట్టి తగులుతుంది, పగిలిన పెదవి ఉప్పగా తగులుతుంది, మా అమ్మ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టినట్టు ఊపిరి ఆగుతుంది. సంతకం వరకే వచ్చిన చదువు నాది. నేను చెబుతాను, రాసుకోండి.

మాది జగ్గయ్యపేటకీ ముక్త్యాలకీ మధ్య, సున్నపురాయి క్వారీల పక్క పల్లె. మా అయ్య క్వారీలో సమ్మెట కొట్టేవాడు. మధ్యాహ్నం తూటాలు పేలితే మా మట్టిగోడలు వణికేవి, దూలం మీది దుమ్ము గంజిలో రాలేది, ఆ గంజే తాగేవాళ్లం. ఆ పేలుడుకి మేం తలెత్తి కూడా చూసేవాళ్లం కాదు. మా భయమంతా సందేళ మా అయ్య అడుగుల చప్పుడుకి. సారా తాగి వచ్చిన మనిషికి తలుపు కొట్టాల్సిన పని లేదు, ఎందుకంటే మా ఇంటికి తలుపు లేదు. తాటాకు తడిక ఒకటి ఆనించి ఉండేది. దాన్ని కాలితో తన్ని లోపలికి వచ్చేవాడు, ఆ ఊపులోనే అమ్మని తన్నేవాడు. అమ్మ జుట్టు ఆయన పిడికిట్లో ఉండగా పొయ్యి మీద అన్నం మాడిపోతుంటే, నేనూ తమ్ముడు యోహానూ గాదె వెనక దూరి, ఒకళ్ల చెవులు ఒకళ్లం మూసుకునేవాళ్లం.

వాడలో ఆడవాళ్లకి ముక్కుపుడక మీద మనసుండేది, నేత చీర మీద మనసుండేది. మా అమ్మకి తలుపు మీద మనసు. లోపల గడియ ఉన్న తలుపు. జగ్గయ్యపేటలో పాత మేడలు పడగొట్టి కలప అమ్మే చోట ఒకదాన్ని చూసి వచ్చింది. దాన్ని పెళ్లికొడుకుని మెచ్చుకున్నట్టు మెచ్చుకుంది.

శ్రావణంలో తాటిపళ్లు రాలేవి. గాలి కొట్టిన మర్నాడు పొద్దున్నే గట్ల వెంట మా పిల్లమూకకీ పందులకీ కుక్కలకీ యుద్ధం జరిగేది, పండు మీద పడి మోచేతులతో పొడుచుకునేవాళ్లం, ఓడినవాడు ఏడుస్తూ గెలిచినవాడి వీపు మీద పీచు విసిరేవాడు. కాల్చిన పండు పీల్చి పీల్చి మూతులు పసుప్పచ్చగా అయ్యేవి, పీచు పళ్లలో ఇరుక్కుని వారం దాకా వచ్చేది కాదు, గుజ్జులో నూక కలిపి అమ్మ రొట్టె కాల్చేది. ఆ ఏడు తలుపు డబ్బుల కోసం, తిని పారేసిన టెంకలన్నీ అమ్మ బుట్టకెత్తుకుని, ఊళ్లోవాళ్లు పారేసినవి కూడా ఏరుకుని, వాగు పక్కన ఆసామి వదిలేసిన ఇసక చెలకలో పాతర వేసింది. టెంకకి టెంక ఆనించి పేర్చి, మన్ను కప్పి, చుట్టూ తుమ్మకంప వేసింది.

టెంక నుంచి మొలిచే తేగ మన్నులో కిందికి దిగుతుంది. పైన ఏమీ కనపడదు. ఆకు పైకొచ్చిందంటే ఆలస్యమైనట్టే, తేగ పీచు పట్టి పనికిరాదు. మధ్యలో కొన్నాళ్లు టెంక లోపల తెల్లటి గుంజు ఊరుతుంది, కొబ్బరిపువ్వు లాగా తియ్యగా ఉంటుంది. అది పగలగొట్టి తింటే ఆ టెంకకి ఇక తేగ లేదు. ఆకలితో ఉన్న పిల్లలకి తియ్యటిది పైన, దాన్ని ముట్టకుండా ఉంటేనే దొరికేది కింద. దేవుడు కావాలనే అట్లా పెట్టి ఉంటాడు.

యోహాను ఆగలేకపోయాడు. ఒకరోజు కంప తప్పించి దూరి, కొడవలితో పగలగొట్టి తింటుంటే అమ్మ పట్టుకుంది.

"ఒక్కటేనే అమ్మా! దేవుడు కూడా లెక్కపెట్టడు."

"దేవుడు పెట్టడు, నేను పెడతారా నా కొడకా!"

చేతికి తాటిమట్ట దొరికింది. దాని అంచుకి రంపం పళ్లుంటాయి. వాడి వీపు చీరుకుపోయింది. కొడుతూ అమ్మే ఏడ్చింది, ఏడుస్తూ కొట్టింది, మట్ట విరిగితే గానీ ఆగలేదు. తర్వాత పసుపు నూరి పెడుతూ, వాడు తిన్న టెంక చిప్పని మాకు చూపించి చెప్పింది: "గుంజు ఇట్టా తడిగా ఉంటే తేగ ఇంకా పాలు తాగుతున్నట్టు. ఎండి బెండయిందా, కింద దాని కడుపు నిండినట్టు. అప్పుడు టెంక పీకినా ఏం కాదు. అందాకా నోరు కట్టుకోవాల." ఆ దెబ్బలు న్యాయమని నేనిప్పుడూ అనను. మా ఇంట్లో నేర్పడానికి కూడా అదే చెయ్యి ఉండేది.

క్రిస్మస్ దగ్గరికొచ్చింది. చర్చికి వెల్ల వేశారు, వాడలో రంగు కాగితాల నక్షత్రాలు కట్టారు. ఎవరింట చూసినా అరిసెల పాకం వాసన, కొత్త గౌన్ల గుడ్డ వాసన. నాకు గౌను కావాలని అడిగితే అమ్మ, "తలుపేసుకుని తొడుక్కుందువులే" అంది. ఆ తలుపు మాట ఎట్లా పాకిందో సారా కొట్టు దాకా పాకింది. అక్కడ ఎవడో అయ్యని ఎక్కించాడు.

"మావా, ఇక ఇంటికి పోవాలంటే అత్తకి ముందు కబురు పెట్టాలంట గదా!"

అంతే. పట్టపగలు క్వారీ గడ్డపార భుజాన వేసుకుని పాతర మీదికి వచ్చాడు, వెనక ఆ ఎక్కించినవాడు కూడా ఉన్నాడు. అమ్మ కంపకి అడ్డం నిలబడింది.

"నా ఇంటికి నాకే తలుపా?"

"తాగని రోజు నీ ఇల్లేనయ్యా. తాగిన రోజు కాదు."

గడ్డపార కర్రలా తిప్పి ఆమె మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఎండు పుల్ల విరిగినట్టే ఉంటుంది, నేను విన్నా. అమ్మ పడిపోయింది. కంప లాగేసి, మన్ను చిమ్మి, పైనున్న టెంకల్ని పీకి వాగులోకి విసరడం మొదలుపెట్టాడు. నేను పోయి ఆయన పిక్క కొరికా. వెనక చేత్తో ఒక్కటిచ్చాడు, పెదవి పగిలింది. ఒక టెంకని రాయి మీద పగలగొట్టి, లోపలిది నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"థూ, బెండు! కుళ్లిపోయిందే నీ తలుపు!"

నేను అమ్మ వైపు చూశా. అమ్మ ఆ చిప్ప వైపే చూస్తోంది. బెండు. కింద కడుపు నిండింది. నాకు ఒళ్లంతా మంటెత్తి, అయ్య మొహాన అరవాలనిపించింది, నువ్వు పీకింది ఉత్త టెంకలు, మా తేగలు కింద భద్రంగా ఉన్నాయని. "కిందున్నయ్" అనడానికి నోరు తెరిచా. "కిం" అనేలోపు అమ్మ మంచి చేత్తో, మన్ను నిండిన చేత్తో నా నోరు నొక్కేసింది. ఓదారుస్తున్నట్టు రొమ్ముకి అదుముకుని చెవిలో అంది:

"మింగెయ్యే. మాట మింగెయ్."

ఆపైన ఊరు దద్దరిల్లేట్టు ఏడుపు ఎత్తుకుంది. "నా కష్టమంతా బుగ్గయిందిరో దేవుడో!" ఆ ఏడుపు విని అయ్య నవ్వుతూ పోయాడు. గెలిచాననుకున్న మనిషి వెనక్కి తిరిగి చూడడు కదా.

వెంటనే తవ్వలేదు. ఆయన క్వారీ పని మానేసి ఇంటి చుట్టే తిరుగుతున్నన్నాళ్లూ అమ్మ విరిగిన చేతికి పుత్తూరు కట్టు కట్టించుకుని, వాగు వైపు మొహమే పెట్టలేదు. సందేళ అయితే ఆయన అన్నం ముందు కూచుని, "ఏదే, నీ తలుపు ఎప్పుడొస్తందే?" అని వెక్కిరించేవాడు. అమ్మ పులుసు పోసేది. నేను మాట మింగేదాన్ని. దెబ్బ కంటే అదే కష్టం, చెబితే నమ్మరు. యోహాను ఒకసారి ఫక్కున నవ్వబోతే వాడి తొడ మీద రక్తం చుక్క తేలేట్టు గిల్లా.

క్రిస్మస్ గౌను లేకుండానే పోయింది. పండగ మర్నాడు ఆయన క్వారీకి పోగానే ముగ్గురం తవ్వాం. మన్ను కింద తేగలు బారులు తీరి ఉన్నాయి, లావుగా, పసుప్పచ్చగా, పసిపిల్లల వేళ్ల లాగా చల్లగా. విరిగినవే మాకు పెట్టింది. నడుమ చీలిస్తే లోపల సన్నటి రేకు ఉంటుంది, దాన్ని చందమామ అంటాం. దాని కోసం నేనూ యోహానూ జుట్లు పట్టుకున్నాం, అమ్మ నవ్వింది. ఆమె నవ్వుతుంటే ముందు పన్ను లేకపోవడం అప్పుడే చూశా. అమ్మ ఒంటిచేత్తో ఎత్తుకుని జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ తంపటి వేసిన తేగలు అమ్మింది.

ఆ డబ్బుతో కొన్న తలుపుని అమ్మా నేనూ నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి నడిచొచ్చాం. దారిలో వాడంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. పాత టేకు తలుపు, లోపల ఇనప గడియ. గుమ్మం నిలబెట్టింది పక్కింటి తాపీ పెదనాన్న.

ఆ సందేళ అయ్య వచ్చాడు. ముందు తన్నాడు, తర్వాత బూతులు తిట్టాడు, తర్వాత సమ్మెట తెచ్చాడు. ఒక్కో దెబ్బకి గోడ మన్ను మా నెత్తిన రాలింది. యోహాను గాదె వెనక దూరాడు. అమ్మ పొయ్యి ముందు కూచుని అన్నం వార్చింది. నాకు తెలిసి మా ఇంట్లో మాడకుండా ఉడికిన మొదటి అన్నం అది. తలుపు నిలబడింది. అలిసిపోయి అరుగు మీదే పడి నిద్రపోయాడు. తెల్లారి అమ్మ తలుపు తీసి, మొహం కడుక్కోవడానికి నీళ్లు పెట్టింది, మత్తు దిగాక లోపలికి రానిచ్చింది. పోయేదాకా ఆయనకి అదే పద్ధతి.

నన్ను చూడ్డానికి వచ్చిన సంబంధం వాళ్లని అమ్మ అడిగిన మొదటి మాట, "మీ ఇంటి గడియ లోపలా, బయటా అండి?" వాళ్లు బిత్తరపోయి, "లోపలేనండి" అన్నారు. నా పెనిమిటి ఎప్పుడైనా తాగితే తనే మంచం బయటేసుకునేవాడు. ఆయనా పోయాక నేను అమ్మ ఇంటికే వచ్చేశా.

వాగు పక్క చెలకలో ఇప్పుడు సిమెంటు లారీలు ఆగుతున్నాయి. గట్ల మీది తాటిచెట్లు కొట్టేశారు, పందులతో కొట్లాడే పిల్లలూ లేరు. పాత ఇల్లు తీసేసి స్లాబు వేసినప్పుడు, ఇనప తలుపు పెడదామని యోహాను పోరాడాడు. నేను ఒప్పుకోలేదు. సమ్మెట సొట్టలతో అదే తలుపు ఉంది.

నిన్న బస్టాండులో ఒక కట్ట కొన్నా. ఇంటికొచ్చి, ఒక తేగ చీల్చి, చందమామ నోట్లో వేసుకున్నా. పోటీకి ఎవరూ రాలేదు. సందేళ అయింది. తన్నేవాళ్లు ఎవరూ మిగల్లేదు, అది తెలుసు. అయినా లేచి గడియ పెట్టి, అరచేత్తో ఒకసారి నొక్కి చూశా.