పెట్టె వదలని తాళంచెవి

ఊరికి వచ్చే సిమెంటూ, కూరగాయలూ, చేపలూ, ఆస్పత్రి మందులూ అన్నీ ఆ ఒక్క రైలు గేటు గొంతులోంచే దిగాలి. పైన వంతెన కడతామని పునాదిరాయి వేసి పదకొండేళ్లయింది. రాతిమీద పేర్లు కూడా చెరిగిపోయాయి. అందాకా లారీవాళ్ల కోపమంతా దిగమింగాల్సినవాడు గేట్‌మన్ ఒక్కడే.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అతని ఒంటిమీద పడని దెబ్బ లేదు. సిమెంటు లారీవాడు చెంప పగలగొడితే ఎడమ చెవి వినడం మానేసింది. బస్సు కండక్టరు మొహాన్ని గేటుకేసి కొడితే ముందు పన్ను ఊడింది. ఇంటికెళ్లి "గేటు తగిలింది" అనేవాడు.

"ఆ గేటుకి చేతులు కూడా మొలిచాయేమిటి?" అనేది పెళ్లాం, కాపడం పెడుతూ.

కొట్టేవాళ్లకి అసలు సంగతి తెలీదు. గేటుకి తాళం వేసి, ఆ తాళంచెవిని గదిలోని ఇనుప పెట్టెలో పెట్టి తిప్పితేనే రైలుకి పచ్చదీపం వెలుగుతుంది. రైలు దాటేదాకా పెట్టె దాన్ని వదలదు. చంపినా రాదు. చెబితే నమ్మేదెవరు?

సొంత తమ్ముడే నమ్మలేదు. ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం చేపల లారీ తెచ్చి గేటు ముందు ఆపాడు. వెనకనుంచి ఐసు నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అన్నా, కొంచెం ఎత్తు. సరుకు కుళ్లిపోతోంది."

"రైలు దాటితే గానీ తాళంచెవి రాదురా."

"తమ్ముడి దగ్గర కూడా ఈ కథలేనా?"

మొదటి గుద్దు ముక్కుమీద పడింది. రెండోది కడుపులో. చిన్నప్పుడు తనను భుజాన మోసిన మనిషిని కిందపడేసి పక్కటెముకల్లో బూటుకాలితో తన్నాడు. కడుపుకి అన్నం తినేవాడెవడూ అలా తన్నడు. జేబులన్నీ వెతికి, తాళంచెవి దొరక్కపోయేసరికి లారీ ఎక్కాడు. "గేటు విరగ్గొట్టుకునే పోతా" అని బాగా వెనక్కి తీసి ముందుకు ఉరికించాడు.

అప్పుడే రైలు కూత వినిపించింది.

ఇన్నేళ్లలో ఎవరిమీదా చెయ్యెత్తని మనిషి లేచాడు. గేటు తిప్పే ఇనుప పిడి ఊడబెరికి, కదులుతున్న లారీ మెట్టెక్కి, స్టీరింగ్ మీదున్న తమ్ముడి కుడి మణికట్టు మీద కొట్టాడు. వాడు వదల్లేదు. బలంకొద్దీ మళ్లీ కొట్టాడు. ఎముక నలిగిన చప్పుడు మిగిలిన ఆ ఒక్క చెవికీ బాగానే వినబడింది. నొప్పికి తమ్ముడి కాలు బ్రేకు మీద బిగుసుకుంది. లారీ గేటు కమ్మీని వంచి ఆగిపోయింది. బంపరుకి మూరెడు దూరంలో రైలు దూసుకుపోయింది.

ఆ చెయ్యి మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. "నా నోటికాడి కూడు లాగేశాడు" అని తమ్ముడు ఊరంతా చెప్పుకున్నాడు. అన్న చూడబోతే మొహం గోడకి తిప్పుకున్నాడు. అన్నకి ముద్ద దిగలేదు.

ఆరు నెలలకి ఒక పొద్దున, గేటు వేసి ఉండగా, తమ్ముడు నడుచుకుంటూ వచ్చి గదిలోకి దూరాడు. పెట్టెలోని తాళంచెవిని ఎడమచేత్తో లాగాడు. గోడకి కాలు తన్నిపెట్టి గుంజాడు. వేళ్లు చీరుకుని నెత్తురు కారినా వదల్లేదు. రైలు దాటాక అది మెత్తగా చేతిలోకి వచ్చింది.

"నిజంగానే రాదు" అన్నాడు.

"చెప్పాను కదరా."

"అయినా రెండో దెబ్బ కొట్టకుండా ఉండాల్సింది."

"మొదటి దెబ్బకి నువ్వు వదిలావా?"

బయట హారన్లు మోగుతున్నాయి. తమ్ముడు వెళ్లి, గేటు తాళం తీసి, తన చెయ్యి విరగ్గొట్టిన ఆ ఇనుప పిడినే పట్టుకుని గేటెత్తబోయాడు. ఒంటిచేత్తో అది తిరగలేదు. అన్న పక్కకొచ్చి తానూ చెయ్యి వేశాడు.