ముక్కు విరిగిన చిలుక

మా ముత్తాత నాలుగు ఊళ్లకు మాలీ పటేలు. శిస్తు ఆయన చేతుల మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత పోలీసు పటేలు. తగవులు మా అరుగు మీదే తెగేవి. నాన్న నాటికి పటేలు అన్నది పిలుపుగా మాత్రమే మిగిలింది. నేను గోదావరిఖనిలో బడి పంతులుగా చేసి రిటైరయ్యాను.

మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. నక్సలైట్ల గొడవల కాలంలో మా భవంతి పెద్ద దర్వాజను ఎవరో రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు. నేనప్పుడు వరంగల్ హాస్టల్లో చదువుకుంటున్నాను. సెలవులకు వచ్చేసరికి దర్వాజ ఉన్నచోట తడక కట్టి ఉంది. లోపలి స్తంభాలూ లేవు. వాటికి చెదలు పట్టాయని, తీసేయించానని నాన్న అదే సెలవుల్లో చెప్పాడు.

పోయిన చలికాలం ఒక ఆదివారం మా అమ్మాయి కారు తీసింది. తను కొత్త ఇల్లు కడుతోంది. హాల్లోకి పాత సామాను కావాలంటుంది. కమాన్‌పూర్ అవతల ఓపెన్‌కాస్టు బొగ్గు గని కింద పోతున్న ఊళ్లలో జనం ఇళ్లు విప్పుకుంటున్నారు. వెంట తీసుకుపోలేనివి అమ్ముతున్నారు. మా ఆవిడ పులిహోర కట్టింది. ఒకరి ఇంటి సొమ్ము మరొకరి హాల్లో అలంకారానికి పెట్టడం నాకు నచ్చదు. అయినా వెళ్లాను. ఏ ఊరికి వెళ్లినా నా కళ్లు ముందు దర్వాజల మీదికే పోతాయి.

మొదటి ఊళ్లో రోడ్డు పక్కన ఒకాయన గోనె పరిచి సామాను పెట్టాడు. తమలపాకుల పాందాను, మరచెంబు, తాళంచెవి లేని తాళం. అమ్మాయి ఒక ఇనుప వస్తువును పైకెత్తింది. చుట్టూ కొక్కేలు, పైన ఉంగరం.

"బాపూ, ఇది దీపాలు ఏలాడదీసేదా?"

మా ఆవిడ నవ్వింది. "దీపాలా? ఇది పాతాళగరిగె. బాయిల బొక్కెన పడితె తీసేది. నీ హాల్ల ఏలాడదీస్తె వచ్చినోళ్ల నెత్తి పలుగుతది."

అమ్మాయి దాన్నే కొన్నది.

రెండో ఊళ్లో సగం ఇళ్లకు పైకప్పులు లేవు. ఊరి వెనక మట్టి గుట్టలు ఇళ్ల కంటే ఎత్తుగా ఉన్నాయి. చివరి ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో సర్వే నంబరు వేసి ఉంది. ఒకతను గడ్డపారతో దర్వాజ చుట్టూ గోడను తొలుస్తున్నాడు. గనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చాడట, ఇంకా కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతని తల్లి మంచం మీద కూర్చుని చూస్తోంది.

దర్వాజ పైచెక్క మీద రెండు చిలుకలు. ఎడమ చిలుకకు ముక్కు లేదు.

ఆ ముక్కు విరగ్గొట్టింది నేనే. ఏడేళ్లప్పుడు కర్రతో చిర్రగోనె ఆడుతుంటే చిర్ర పుల్ల ఎగిరి తగిలింది. తాత నన్ను ఆ దర్వాజ కిందే ఎండలో నిలబెట్టాడు.

అతను పని ఆపి అన్నాడు. "తీసుకుంటరా సార్? కొత్త ఇంటికి ఇనుప తలుపు పెట్టిన. ఇది అండ్ల పట్టది. కరీంనగర్ ఆయనొకాయన అడిగిపోయిండు."

"పట్టకపోతె గోడ కొట్టు," అంది తల్లి. "ఇల్లు కట్టంగ కొలువలేదా? దర్వాజ లేకుంట నేను ఆ ఇంట్ల అడుగు పెట్ట."

"పొద్దటిసంది ఇదే లొల్లి సార్."

నేను మా ఊరి పేరు, నాన్న పేరు చెప్పాను. "ఇది మా దర్వాజ. గొడవలల్ల పోయింది. మీకు ఎవరు అమ్మిన్రు?"

"బాపూ," అని అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అతని ముఖం మారింది. ముసలామె మాత్రం మెల్లగా లేచి నిలబడింది.

"పటేలా, మీరా. కొడుకా, ఆ మూలలకు గీతలున్నయి, సూపియ్యి."

గోడ తొలిచిన చోట కలప పక్క కనిపిస్తోంది. ఎడమ నిలువు కంబం కొసన ఉలితో కొట్టిన ఒక గీత, దానికి కలిసే పైచెక్క మీద ఒక గీత. కుడివైపు రెండూ రెండూ. కింద గడప దగ్గర మూడు, నాలుగు. విప్పిన దర్వాజను మళ్లీ కలపడానికి వడ్రంగులు పెట్టే గుర్తులు.

"చేసిన్నాటి గీతలు కావచ్చు," అన్నాను.

"కాదు పటేలా. మీ బాపు కుర్సీ ఏసుకొని కూసొని విప్పిచ్చిండు. పట్టపగలు. వడ్లాయన గీతలు కొట్టిండు. దొంగలు గీతలు కొట్టుకుంట కూసుంటరా?"

నేను వంగి గీతల మీద వేలు పెట్టి చూశాను.

"గొడవలల్ల పోయిందని చెప్పుండ్రి అన్నడు. మా ఆయన సచ్చేదాంక ఆ మాట దాటలే. నేనూ ఇన్నేండ్లు దాటలే. ఇయ్యాల మీరు దొంగ సొమ్మన్నట్టు అడిగిన్రు." ఆమె పసుపు రాసిన గడప మీద చెయ్యి పెట్టింది. "మీ ఇంట్ల పదేండ్లు పని చేసిన. ఒక్కనాడు దీంట్లకెల్లి రాలే, దొడ్డి దర్వాజే. మా ఆయనకు గనిల నౌకరి దొరికినంక, గీ దర్వాజలకెల్లి రోజూ తిరుగుమని పైసలిచ్చి కొని తెచ్చి పెట్టిండు."

గని వైపు నుంచి బ్లాస్టింగ్ అదురు వచ్చింది. గోడ మట్టి కొంచెం రాలింది.

"అడుగుదామా బాపూ?" అంది అమ్మాయి మెల్లగా. "కొడుకు ఇస్తడు."

ఇస్తాడు. నేను తల ఊపితే చాలు. కానీ అమ్మిన వస్తువును తిరిగి అడగడం మా ఇంటా వంటా లేదు.

"టేపుందా?" అని అతన్ని అడిగాను. ఇద్దరం కలిసి కొలిచాం. ఎత్తు, వెడల్పు, గడప మందం. కొత్త ఇంట్లో గోడ ఎంత కొట్టాలో అతని ఫోన్లో రాసిచ్చాను. గీతల మీద సుద్ద రుద్దమన్నాను, విప్పేటప్పుడు కనబడాలి కదా.

"నన్ను ఇడిసిపెట్టవా అవ్వా," అన్నాడు అతను తల్లితో, గడ్డపార పక్కన పెడుతూ.

"లోపటికి రాండ్రి, చాయ తాగుండ్రి," అంది ఆమె.

గడప దాటి లోపలికి వెళ్లాం. చాయ తాగుతూ, చెదలు పట్టాయని నాన్న చెప్పిన స్తంభాల సంగతి అడిగాను. ఆమె మా ఆవిడ వైపు చూసి, తర్వాత నా వైపు చూసి చెప్పింది.

పన్నెండు టేకు స్తంభాలనూ నాన్న దర్వాజ అమ్మిన ఏడే మంథని వాళ్లకు అమ్మాడు.