పచ్చికలో పదకొండు మచ్చలు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆ వీధిలో ఎవరికీ దాంతో పనిపడలేదు. అందరికీ ఆయన గడ్డి మేస్త్రీ. నాలుగిళ్లలో తోటపని చేస్తాడు. మూడిళ్లలో చేతులు మాత్రమే పనిచేస్తాయి. నాలుగో ఇంట్లో ప్రాణం పెట్టి చేస్తాడు. అది రిటైరైన టీచరమ్మ ఇల్లు.

ఆ ఇంటి ముందున్న పచ్చిక పెద్దదేం కాదు. నిలువు పన్నెండు అంగలు, అడ్డం తొమ్మిది. పద్నాలుగేళ్ల కిందట ఒక్కో పిలకా చేత్తో నాటింది మేస్త్రీయే. కలుపు తలెత్తితే పాత వంటింటి కత్తితో వేరుతో సహా లేపేస్తాడు. పోస్టుమన్ దగ్గరదారని అడ్డంగా నడిచాడా, తన గుండెల మీద నడిచినట్టు మూలుగుతాడు.

ఇంత చాకిరీకీ అసలు ఫలం సాయంత్రం ఐదింటికి దక్కేది. టీచరమ్మ రెండు కప్పుల టీతో వచ్చి మెట్ల మీద కూర్చుని, “ఏమయ్యా మేస్త్రీ, ఇవాళ మన పచ్చిక ఏమంటోంది?” అని అడిగేది. ఇక చూసుకోండి! ఎండ సంగతి, చీమల పుట్ట సంగతి, ఈశాన్యం మూల నేల గట్టిపడిన సంగతి, అరగంట సేపు చెప్పేవాడు. పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి అలసిన మనిషి తన దగ్గర పాఠం వింటోందని ఆయనకు లోలోపల గర్వం. దేశంలో ఎంతమంది తోటమాలులకు దక్కుతుంది ఆ భోగం?

అలాంటి భోగం మీద ఒక ఆడకుక్క వచ్చి కూర్చుంది.

టీచరమ్మ చెల్లెలు కుక్కల్ని రానివ్వని అపార్ట్‌మెంట్‌కు మారుతూ దాన్ని అక్క చేతిలో పెట్టి వెళ్లింది. గోధుమరంగు ఒళ్లు, నల్లమూతి, ఒక చెవి నిటారుగా, ఒకటి వాలిపోయి. టీచరమ్మ దాన్ని ‘బంగారం’ అని పిలవడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్లలో మేస్త్రీని ఆవిడ ఒక్కసారైనా వెండి అని కూడా పిలవలేదు.

ఐదింటి టీ ఆగలేదు. ఆగి ఉంటే కాస్త నయమే. కప్పు తెచ్చి గోడ మీద పెట్టి, “చల్లారిపోతుంది, తాగేసెయ్” అని బంతి పట్టుకుని కుక్క వెంట పరుగు తీసేది. మోకాళ్ల నొప్పులని మెట్లు కూడా సరిగ్గా దిగలేని మనిషి! మేస్త్రీ కళ్లల్లో నిప్పులు పోసుకుని చూసేవాడు. ఎవరి మీద? నాలుగు కాళ్లూ ఒక తోకా ఉన్న జీవి మీద. అలా అసూయ పడుతున్నానని తెలిసి సిగ్గేసేది కూడా. సిగ్గు వేసినంత మాత్రాన కడుపుమంట ఆరుతుందా?

ఇంటికి వెళ్లి భార్య ముందు ఆ మంటంతా వెళ్లగక్కేవాడు. ఆవిడ వీధిలోవాళ్ల బట్టలకు ఇస్త్రీ చేస్తుంది. “ఇవాళ ఆ కుక్కకి తలదువ్వారు తెలుసా? దువ్వెన పెట్టి!” అంటే, ఆవిడ కాలరు తిప్పి పెట్టె ఆనిస్తూ, “అవునా, తర్వాత?” అనేది.

నెల తిరగకముందే పచ్చికలో అరచేయంత మచ్చ తేలింది. మధ్యలో ఎండుగడ్డి, చుట్టూ ముదురాకుపచ్చ వలయం. చూడగానే మేస్త్రీకి అర్థమైంది. ఆడకుక్క ఒకే చోట కూర్చుని పోస్తుంది, ఆ ఘాటుకు వేళ్లు మాడతాయి. మందు కూడా ఆయనకు తెలుసు. అది లేచిన వెంటనే అక్కడో చెంబెడు నీళ్లు కుమ్మరిస్తే చాలు. పెరట్లో ఇసుక పోసి అక్కడే పోసుకోవడం అలవాటు చేస్తే ఇంకా మంచిది.

తెలిసీ నోరు మెదపలేదు. టీచరమ్మ అడిగితే నిట్టూర్చి, “కుక్క తిరిగే చోట గడ్డి బతకదమ్మగారూ. ఏదో ఒకటే ఉంటుంది” అన్నాడు. ఆ ‘ఏదో ఒకటి’ ఏదో ఆవిడే తేల్చుకుంటుందని ఆయన ఎత్తు. పద్నాలుగేళ్ల పచ్చిక ముందు నిన్నగాక మొన్నొచ్చిన కుక్క ఏ మూలకు?

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మిగతా గడ్డి నిగనిగలాడితే ఆవిడ చూపు మళ్లీ ఇటు తిరుగుతుందని, ఎవరూ చూడకుండా గుప్పెడు యూరియా చల్లాడు. తిరగలేదు. ఇంకో రెండు గుప్పెళ్లు చల్లాడు. కుక్క పోసేదాంట్లో ఉన్నదీ ఆ సత్తువే. అసలే కడుపు నిండిన నేల మీద అది కూడా పడేసరికి, అరచేయంత మచ్చ కాస్తా పళ్లెమంత అయింది. ఒకటి నాలుగైంది, నాలుగు పదకొండయ్యాయి. అప్రెంటిస్‌గాడు చేసినా చెంప పగలగొట్టాల్సిన తప్పు అది. అసూయ కళ్లను కమ్మేస్తే ముప్పై ఏళ్ల అనుభవం ఎందుకు పనికొస్తుంది?

నాలుగో నెలలో ఒకరోజు ఐదింటికి టీచరమ్మ టీతో కాక, ఒక మనిషితో వచ్చింది. అతని చేతిలో కొలిచే టేపు ఉంది.

“బాగా ఆలోచించాను మేస్త్రీ. నువ్వన్నది నిజమే, రెండూ ఒకచోట ఉండవు. గడ్డి తీయించి రాళ్లు పరిపిస్తాను. దాని అవసరం అది తీర్చుకుంటుంది, నోరులేని దాన్ని ఏమంటాం?”

టేపు చర్రున పచ్చిక మీదుగా పాకింది. మేస్త్రీకి తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది. వెళ్లి ఆ టేపు చివర పట్టుకున్నాడు.

“వద్దమ్మగారూ. తప్పు కుక్కది కాదు. నాది. ఎరువు నేనే ఎక్కువేశాను. నీళ్లు పోస్తే పోయేదానికి నోరు మూసుకు కూర్చున్నాను.”

“నువ్వా? ఎందుకయ్యా?”

మేస్త్రీ తల దించుకున్నాడు. “ఇదివరకు మీరు సాయంత్రం పచ్చికని చూడ్డానికొచ్చేవారు. ఇప్పుడు దానికోసం వస్తున్నారు.”

టీచరమ్మ రాళ్లాయనను మళ్లీ కబురు చేస్తానని పంపేసి, మోకాలు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

“గడ్డి గురించి నాకేం తెలుసయ్యా? ఇంట్లో పలకరించే మనిషి లేక వచ్చి కూర్చునేదాన్ని. నువ్వు చెబుతుంటే పొద్దు గడిచేది.” కుక్క వచ్చి ఆవిడ పాదాల మీద తల పెట్టుకుంది. “నెల రోజులు టైమిస్తున్నా. బాగుచెయ్యి. లేకపోతే రాళ్లే.”

ఆ రోజు ఇల్లు చేరాక మేస్త్రీ ఒక్క మాటా దాచకుండా భార్యకు చెప్పాడు. యూరియా సంగతీ చెప్పాడు, పొద్దుపోక వినేదాన్నని టీచరమ్మ అన్న సంగతీ చెప్పాడు. రేపట్నుంచి చెంబు పట్టుకుని కుక్క వెనకాల తిరగాలట, మాడిన చోటల్లా తవ్వి పిలకలు నాటాలట. “నవ్వుకో. నలుగురూ నవ్వుతారు. కుక్క మీద అసూయేంటని.”

ఆవిడ నవ్వలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి పక్కకు జరిపింది.

“నేనెందుకు నవ్వుతాను? నీకు ఆ కుక్కని చూస్తే నాలుగు నెలల్నుంచి మండుతోంది. నాకు ఆ గడ్డిని చూస్తే పద్నాలుగేళ్ల నుంచి మండుతోంది. ఉన్న మాటలన్నీ అక్కడే ఖర్చు పెట్టొచ్చి, ఇక్కడ కంచం ముందు మూగోడిలా కూర్చునేవాడివి. ఆ కుక్క వచ్చాకే కదయ్యా, నువ్వు నాతో మాట్లాడ్డం మొదలెట్టింది.”

మేస్త్రీ నీళ్ల గిన్నె ఆవిడ ముందుకు జరిపాడు.

“ఆ గడ్డి మళ్లీ పచ్చబడుతుందేమోనని నాకు భయంగా ఉంది” అని ఆవిడ ఇంకో చొక్కా పరిచి నీళ్లు చిలకరించింది.