రేపల్లె రక్తంలో తీపి తగ్గిన నెల

బర్నబాస్‌కి యాభై నాలుగేళ్లు. అందులో ఇరవై ఎనిమిదేళ్లు తెనాలిలో దశరథరామయ్య గారి ల్యాబులో రక్తాలు పరీక్షిస్తూనే గడిచిపోయాయి. మనిషి సన్నం, మాట నెమ్మది, కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే. ఎవరైనా ఒక అంకె చెబితే వెంటనే నమ్మే స్వభావం కాదు. భార్య శోభారాణి "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, "ఈ ఒక్కపూట చూసి చెప్పలేను గానీ, వారం మొత్తం మీద కాస్త ఎక్కువే" అనేవాడు. ఆవిడ ఆ ప్రశ్న అడగడం మానేసి పదిహేనేళ్లయింది.

ల్యాబులో అతని రోజు కంట్రోలుతో మొదలవుతుంది. కంట్రోలంటే చిన్న సీసాలో వచ్చే ద్రవం. అందులో చక్కెర ఎంతుందో ముందే తెలుసు. మెషిను ఆ అంకెకు దగ్గరగా చెబితేనే మనుషుల రక్తం ముట్టుకోవాలి. వచ్చిన అంకెను గోడమీది కాగితంపై చుక్కగా పెట్టేవాడు. నడుమ సగటు గీత, పైనా కిందా హద్దు గీతలు. చుక్కలు సగటుకు అటూ ఇటూ చెల్లాచెదురుగా పడుతుంటే అతని మనసు కుదుటపడేది. నాలుగైదు రోజులు వరసగా ఒకే వైపు పడ్డాయంటే టిఫిన్ సహించేది కాదు.

దశరథరామయ్య గారు మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగి తిరిగి చివరికి ల్యాబు పెట్టినవారు. బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి రక్తం తీసే సెంటర్లు. అక్కడ తీసిన ట్యూబులు పెట్టెల్లో మధ్యాహ్నానికి తెనాలి చేరతాయి.

ఆ ఏడు ఫిబ్రవరిలో రేపల్లెలో ఒక వింత మొదలైంది. ఏళ్ల తరబడి రెండొందలకు తగ్గని వాళ్ల షుగరు నూట నలభైకి దిగింది. నూట ముప్ఫై వాళ్లు తొంభైకి వచ్చారు. కబురు పాకింది. అడవులదీవి నుంచి ఆటోలు కట్టుకుని వచ్చారు. బాపట్లలో సెంటరు ఉండగానే బాపట్ల వాళ్లు బస్సెక్కి రేపల్లె వచ్చి చెయ్యి చాపారు. సెంటరు నడిపే ప్రమీలకు ఊపిరాడడం లేదు. ఆవిడ హస్తవాసి మంచిదని అందరూ తీర్మానించేశారు. చివరికి దశరథరామయ్య గారే, తనకూ షుగరు ఉంది కాబట్టి, కారేసుకుని రేపల్లె వెళ్లి రక్తం ఇచ్చి, వచ్చిన అంకె చూసుకుని, దారిలో పావుకిలో జిలేబీ కొనుక్కుని తిన్నారు.

బర్నబాస్ ఒక్కడే సంతోషపడలేదు. మూడు ఊళ్ల షుగరు సగటు రోజూ పుస్తకంలో రాసుకోవడం అతని అలవాటు. తెనాలి నూట ముప్ఫై ఒకటి, బాపట్ల నూట ఇరవై ఎనిమిది. జనవరి దాకా నూట ముప్ఫై ఉన్న రేపల్లె ఒక్కసారిగా తొంభై నాలుగు. కంట్రోలు చుక్కలు మాత్రం ముత్యాల్లా సరిగ్గా పడుతున్నాయి.

"ఇందులో ఏదో తేడా ఉందండి," అన్నాడు యజమానితో.

"తేడా ఏంటయ్యా? సముద్రపు గాలి! అక్కడి మనుషులు ఆరోగ్యంగా ఉన్నారు."

"బాపట్లకి మాత్రం సముద్రం లేదాండి?"

"అయితే నీళ్లు."

"ఆ నీళ్లు జనవరిలో కూడా తాగారు కదండి. ఒకరోజు తక్కువొస్తే ఏదోలే అనుకోవచ్చు. ఇరవై మూడు రోజులు వరసగా ఒకే వైపుకి రావడం మామూలు సంగతి కాదండి."

"బాగున్నవాళ్లని చూసి బాధపడేవాణ్ణి నిన్నే చూశాను," అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఆదివారం బర్నబాస్ భార్యతో కలిసి రేపల్లె చర్చికి వెళ్లాడు. అత్తగారు సుందరమ్మది ఆ ఊరే. దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఆవిడ లేచి నిలబడింది. పన్నెండేళ్లుగా మాత్రలు మింగుతున్నాననీ, ప్రార్థన ఆలకించి దేవుడు తన షుగరు నూట రెండుకు దించాడనీ, మాత్రలు మానేశాననీ గట్టిగా చెప్పింది. చర్చంతా "హల్లెలూయా" అంది.

ఇంటికి రాగానే ఆవిడ అతని ముందు అరిసెల పళ్లెం పెట్టి, తానూ ఒకటి తీసుకుంది. అతను సంచిలోంచి వేలు గుచ్చి చూసే చిన్న మెషిను తీశాడు.

"ఒక్క చుక్క, అత్తయ్యగారూ."

మెషిను రెండొందల ముప్ఫై ఆరు చూపించింది.

"ఏంటి అల్లుడుగారూ, ఆ ఆటబొమ్మ పట్టుకొచ్చి దేవుడి మీద అనుమానాలా?" అంది సుందరమ్మ.

"దేవుడి మీద కాదండి. ట్యూబు మీద," అన్నాడు. అరిసె తినకుండానే లేచాడు.

ఆ రాత్రి అక్కడే పడుకుని, సోమవారం పొద్దున్నే ఆరింటికల్లా సెంటరులో ఉన్నాడు. ప్రమీల మొదటి మనిషికి రక్తం తీసి ట్యూబులో పోసింది. ఎర్రమూత ట్యూబు!

"షుగరుకి బూడిదరంగు మూతది కదమ్మా వాడాల్సింది?"

"అయిపోయాయన్నయ్యా. మూడుసార్లు అడిగాను." ప్రమీల ఫోను తీసి మెసేజ్ చూపించింది. ఫిబ్రవరి మొదటి వారంలో దశరథరామయ్య గారు పంపింది: 'ఉన్నవాటితో సర్దుకో.'

బర్నబాస్ దొరికిన మొదటి బస్సుకే తెనాలి చేరాడు. మెసేజ్ సంగతి ఎత్తకుండా, "సార్, ఒకసారి చెయ్యివ్వండి" అన్నాడు. ఒకే సూదితో రెండు ట్యూబులు నింపాడు. బూడిదమూతది అప్పుడే పరీక్షిస్తే రెండొందల పద్దెనిమిది. ఎర్రమూతది కిటికీ దగ్గర పెట్టి, "ఇది రేపల్లె నుంచి ప్రయాణం చేస్తోందనుకోండి" అన్నాడు.

దశరథరామయ్య గారు కుర్చీ లాక్కుని ఆ ట్యూబు ఎదురుగా కూర్చున్నారు. ఎవరైనా మార్చేస్తారేమోనని భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. ఆరు గంటల తర్వాత పరీక్షిస్తే నూట యాభై ఒకటి.

"ఇదేంటయ్యా! అరవై ఏడు ఎక్కడికి పోయింది?"

"రక్తకణాలు ట్యూబులో కూడా బతికే ఉంటాయి కదండి. కూర్చుని మీ చక్కెర తినేశాయండి. బూడిదమూత దాంట్లో వాటి నోరు కట్టేసే మందు ఉంటుంది."

"అంటే జిలేబీ నేను తింటే, తగ్గించింది అవా?"

"ట్యూబులో ఉన్నంతవరకే తగ్గించాయండి. మీ ఒంట్లోది అలాగే ఉంది."

ఆయన మొహం వాడిపోయింది. అప్పుడు బర్నబాస్ మెల్లగా, ప్రమీల బూడిదమూత ట్యూబులు ఎన్నిసార్లు అడిగిందో, ఆయన ఏమని మెసేజ్ పెట్టారో చెప్పాడు. దశరథరామయ్య గారు గోడమీది చుక్కల వంక చూశారు.

"ఎంతమందయ్యా?"

"మూడొందల పదకొండు మందండి."

"అందరికీ ఫోన్లు చెయ్యండి. మళ్లీ పరీక్ష ఊరికే చేద్దాం. తప్పు నాదని చెప్పండి, ఆ అమ్మాయి మీదకి రానివ్వొద్దు."

నాలుగు రోజులు ఫోన్లు చేశారు. కొందరు తిట్టారు. బాపట్ల నుంచి ఒక రిటైర్డు మాస్టారైతే, "ఆ రిపోర్టు నాకు నచ్చింది, దాన్నే ఉంచండి" అని బతిమాలారు.

సుందరమ్మ దగ్గరికి అల్లుడే వెళ్లాడు. విషయం అంతా విని ఆవిడ అరిసెల పళ్లెం దూరంగా జరిపేసింది.

"నా సాక్ష్యం విని మా వీధిలో ఇంకో ఆరుగురు మాత్రలు మానేశారు," అంది. ఆవిడ గొంతులో అంత భయం అతను ఎన్నడూ వినలేదు.

తరువాతి ఆదివారం ఆవిడ మళ్లీ లేచి నిలబడింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "పోయినసారి నేను చెప్పింది నిజం కాదు. తప్పు దేవుడిది కాదు, ట్యూబుది. నా మాట విని మాత్రలు ఆపినవాళ్లు ఇవాళే మొదలెట్టండి. రేపు పొద్దున నాతో సెంటరుకి రండి" అంది. పాస్టరుగారే ముందు "ఆమెన్" అన్నారు.

సోమవారం ఆరింటికి సెంటరు ముందు పదిహేడుమంది ఆడవాళ్లు నిలబడ్డారు. ఆరుగురు అనుకుంటే పదిహేడుమంది! సుందరమ్మ అందరికంటే ముందు కూర్చుని, ప్రమీల చేతిలోని ట్యూబు అడిగి తీసుకుని, మూతను వెలుగులో పెట్టి తిప్పి చూసింది.

"బూడిదరంగేనమ్మా, తియ్యి," అని చెయ్యి చాపింది.